మూడు నెలల్లో హ్యాకరా?

పరిగి దాటి బొంరాస్‌పేట మీదుగా కొడంగల్ దాకా, ఇంజనీరింగ్ చదివే పిల్లల్ని ఎవరిని కదిపినా ఇప్పుడు సైబర్ సెక్యూరిటీ అంటున్నారు. మంచిదే. కానీ వాళ్ల ఫోన్లలో తిరిగే ప్రకటనలు మాత్రం మూడు నెలల్లో ఎథికల్ హ్యాకర్‌ని చేస్తామంటున్నాయి. కందులమ్మిన డబ్బు తెచ్చి అమీర్‌పేటలో ఫీజు కట్టే ముందు ఒక బ్యాంకు సంగతి తెలుసుకోవాలి.

2022 జనవరిలో ఒక వారాంతాన హైదరాబాద్‌లోని మహేశ్ సహకార బ్యాంకు నుంచి రూ.12.48 కోట్లు మాయమయ్యాయి. పోలీసులు తవ్వితే మూలం అంతకు రెండు నెలల ముందు దొరికింది. 2021 నవంబరులో ఉద్యోగులకు రెండొందలకు పైగా దొంగ మెయిళ్లు వచ్చాయి. నొక్కింది ఇద్దరే. దొంగలకు ఆ ఇద్దరు చాలు. నెట్‌వర్క్‌కు సరైన రక్షణే లేదని పోలీసులు తప్పుపట్టారు. 2023లో రిజర్వు బ్యాంకు రూ.65 లక్షల జరిమానా వేసింది.

ఇక్కడ లోటు హ్యాకర్లది కాదు. ‘రెండొందల మందిలో ఒకడైనా నొక్కుతాడు, నొక్కితే దొంగ ఎక్కడిదాకా పోగలడు, ఆదివారం పూట చూసేదెవరు, పోతే ఎంత పోతుంది’ అని ముందే అడిగి, జవాబు కాగితం మీద పెట్టి, మేనేజరు విసుక్కున్నా వదలని మనిషిది. రిస్క్ అనలిస్ట్ అంటే అతనే. ఆ ఉద్యోగంలో సినిమా ఏమీ లేదు.

అక్కడికి దారి కూడా సాదాసీదాదే. మొదట హైటెక్ సిటీలో ఏదో కంపెనీ సైబర్ భద్రతా పర్యవేక్షణ కేంద్రంలో నైట్ షిఫ్టు. తెర మీద వచ్చిపడే హెచ్చరికల్లో చాలామటుకు ఉత్తవే. నిజమైనదాన్ని ఏరడమే పని. నెట్‌వర్కింగ్, లినక్స్ రాకపోతే అదీ సాగదు. తర్వాత ఆడిట్, ఆపైన రిస్క్. పెద్ద పేరున్న సీఐఎస్‌ఎస్‌పీ సర్టిఫికెట్‌కు అయిదేళ్ల అనుభవం అడుగుతారు. డిగ్రీ ఉంటే ఒక ఏడాది మినహాయింపు. పరీక్ష పాసైనా అనుభవం చూపితేనే బిరుదు. మూడు నెలల మాట ఎక్కడ పుట్టిందో ప్రకటన ఇచ్చినవాళ్లే చెప్పాలి! రాయడం రావాలన్న సంగతి కూడా వాళ్లు చెప్పరు. దాడి బయటపడ్డ 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022లో నిబంధన వచ్చింది. అర్ధరాత్రి రెండింటికి ఆ నివేదిక తప్పుల్లేకుండా రాయగలవాడికి గిరాకీ ఉంటుంది.

మన పిల్లలకు నగరం పిల్లల కంటే ఒకటి ఎక్కువే తెలుసు. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే దొంగ యాప్‌ని ఏ సీజన్‌లో, ఏ ఆశతో రైతు నొక్కుతాడో వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. డబ్బు పోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని అందరూ చెబుతారు. పోకముందు ఊహించడమే రిస్క్ విశ్లేషణ. ఆ ఊహకు పల్లెలో పుట్టడం అడ్డంకి కాదు, పెట్టుబడి.

కొడంగల్ దగ్గరి కోస్గి పాలిటెక్నిక్ 2024లో ఇంజనీరింగ్ కాలేజీ అయింది. అక్కడి పిల్లలను రెండు వారాలు దగ్గర్లోని సహకార సంఘానికో మండల ఆఫీసుకో పంపి, ఎవరి పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసో, బ్యాకప్ ఎప్పుడు తీశారో రాసుకురమ్మంటే బాగుంటుంది. ఖాతాల వివరాలు ముట్టుకోనక్కర్లేదు, అలవాట్లు చూస్తే చాలు. ఆఫీసులు ఒప్పుకోవంటారా? ఒప్పుకోని ఆఫీసు పేరు రిస్క్ జాబితాలో అన్నిటికంటే పైన రాయాలి.