లెక్క అడిగే పిల్లలు కావాలి

అంతర్జాతీయ అర్థశాస్త్ర ఒలింపియాడ్ 2018లో మాస్కోలో ఆరంభమైంది. ఉన్నత పాఠశాల స్థాయి విద్యార్థుల కోసం ఏటా జరిగే ఈ పోటీలో మూడు భాగాలుంటాయి. అర్థశాస్త్ర సూత్రాల మీద ప్రశ్నలు, డబ్బు నిర్వహణకు సంబంధించిన ఒక ఆట, జట్టుగా కూర్చొని ఒక వ్యాపార సమస్యకు పరిష్కారం చెప్పడం. మన దేశపు జట్లు కూడా వెళ్లి పతకాలు తెచ్చాయి. ఆ పిల్లలను మేము మనసారా అభినందిస్తున్నాము. అయితే ఒక ప్రశ్న అడగక తప్పదు. ఈ పోటీ ఉన్నదన్న సంగతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం చదువుతున్న పిల్లలలో ఎందరికి తెలుసు?

తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ చదువు నిచ్చెనమెట్ల వంటిది. పైమెట్టున ఎంపీసీ, బైపీసీ. అడుగుమెట్టున సీఈసీ, హెచ్‌ఈసీ. ‘మార్కులు రాలేదా, సీఈసీలో వేయండి’ అన్నది ఇంటింటా వినిపించే మాటే. ఆ అడుగుమెట్టు మీద కనిపించేది పేదల పిల్లలు. ముస్లిం బస్తీల పిల్లలు, దళితవాడల పిల్లలు, చేనేత కుటుంబాల పిల్లలు. డిమాండు, సప్లయి, జాతీయాదాయం, ద్రవ్యోల్బణం గురించి రెండేళ్లపాటు పాఠాలు చదివేది వీరే. అర్థశాస్త్రం పేర జరిగే పోటీలు మాత్రం వీరి గుమ్మం దాకా రావు. విషయం చదివేవారు ఒకరు, దాని పేరు మీద పోటీపడేవారు వేరొకరు. ఇంతకంటె విడ్డూరమేముంటుంది?

‘ప్రతిభకు భాష అడ్డు కాదు’ అని కొందరంటారు. ఈ మాట నిజమైతే గణిత ఒలింపియాడ్ వారు అంత శ్రమ ఎందుకు పడుతున్నారు? 1959 నుంచి జరుగుతున్న ఆ పోటీలో ప్రశ్నలను పిల్లల భాషల్లోకి అనువదిస్తారు. పిల్లవాడు తన భాషలోనే జవాబు రాయవచ్చు. అర్థశాస్త్ర ఒలింపియాడ్ నడిచేది ఇంగ్లీషులో. లెక్కకు గుర్తులైనా తోడుంటాయి. అర్థశాస్త్రంలో వాదన అంతా వాక్యాలలోనే సాగుతుంది. భాష అడ్డుపడేది ఇక్కడే ఎక్కువ. తెలుగు మాధ్యమంలోనో ఉర్దూ మాధ్యమంలోనో చదివిన పిల్లను ఇంగ్లీషు వ్యాసం రాయమని, ఆ తరువాత ‘ప్రతిభ లేదు’ అని తేల్చడం పరీక్ష అనిపించుకోదు.

ప్రభుత్వ బాధ్యత సంగతి కూడా చూద్దాం. గణితం, భౌతిక, రసాయన, జీవ, ఖగోళ శాస్త్రాల ఒలింపియాడ్ల కార్యక్రమానికి ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం ఉన్నది. ప్రభుత్వ ధనం ఉన్నది. ఆ వరుసలో అర్థశాస్త్రానికి చోటు లేదు. చోటు లేనిచోట కబురు అందినవారు, రుసుము చెల్లించగలవారు, శిక్షణ కొనగలవారు ముందుకు పోతారు. తప్పు ఆ పిల్లలది కాదు, మిగిలిన పిల్లలకు దారి వేయని పాలకులది.

ఒక సంచికలో ఇంత చోటు ఈ పోటీకి ఎందుకని పాఠకులు అడగవచ్చు. కారణం ఉన్నది. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదికను తిరగేయండి. ముస్లిం శ్రామికులలో సుమారు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద బతుకుతున్నారని అది చెప్పింది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను అప్పుకు పనికిరాని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకున్న సంగతినీ ప్రస్తావించింది. ఈ నిజాలను బయటపెట్టినది లెక్కలు చదవగలిగిన అర్థశాస్త్రవేత్తల శ్రమ. ఆ కమిటీ సభ్య కార్యదర్శి అబూసాలెహ్ షరీఫ్ స్వయంగా అర్థశాస్త్రవేత్త. 2010లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నాలుగు శాతం రిజర్వేషన్లను కొట్టివేసినప్పుడు కూడా వెనుకబాటును లెక్కించిన సర్వే పద్ధతి మీదనే పెద్ద వివాదం నడిచింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ రిజర్వేషన్లు నిలిచాయి. హక్కు ఎంత న్యాయమైనదైనా దానిని నిలబెట్టే అంకె బలహీనమైతే కోర్టులో తడబడవలసి వస్తుంది. ఆ అంకెను గట్టిగా కట్టగలిగినవారు మన వాడల నుంచి రావాలి.

అందుకు కావలసిన అనుభవం ఆ పిల్లలకు కొరత కాదు. గాజుల బట్టీ పక్కన పెరిగిన పిల్లకు ముడిసరుకు ధర పెరిగితే కూలి ఎందుకు పెరగదో తెలుసు. తోపుడు బండివాడి కొడుకుకు రోజువడ్డీ అంటే ఏమిటో పాఠం చెప్పనక్కరలేదు. ఇంట్లో చూసినదానికి శాస్త్రంలో పేరేమిటో చెప్పి, దానిని వాదనగా మలచడం నేర్పాలి. మంచి పోటీ చేయగలిగిన పని అదే.

‘మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మాధ్యమంలోనే ఉన్నాయి కదా’ అనే జవాబు వస్తుంది. తెలంగాణలో అటువంటివి 204 ఉన్నాయి. మంచిదే. మరి ఆ గురుకులాలన్నింటిలో అర్థశాస్త్ర పోటీలు పెట్టడానికి అడ్డేమిటి? గురుకులాల వెలుపల ఉన్న వేలమంది సంగతేమిటి?

మా కోరికలు నాలుగు. రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులు, పాఠశాల విద్యాశాఖలు కలిసి ఏటా మండల స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి వరకు అర్థశాస్త్ర పోటీలు జరపాలి. ప్రశ్నపత్రం తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో ఉండాలి. రుసుము ఉండరాదు. గెలిచినవారికి అంతర్జాతీయ పోటీకి అవసరమైన ఇంగ్లీషును, ప్రయాణ ఖర్చును ప్రభుత్వమే సమకూర్చాలి.

మన విద్యా సంఘాలకు కూడా ఒక మాట. వైద్య సీటు వచ్చినవారికే శాలువా కప్పే సభలు చాలు. సీఈసీలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లను కూడా ఒకసారి వేదిక మీదికి పిలవండి. రేపు మన బడ్జెట్‌లో మన వాటా ఎంత, ఖర్చయినది ఎంత, మురిగిపోయినది ఎంత అని అంకెలతో నిలదీయవలసినది ఆమే.