ఒకే పిల్లవాడు, రెండు ఎత్తులు



సెలవులు దగ్గర పడుతున్నాయి. క్లాసులో పిల్లల కబుర్లన్నీ ఇప్పుడు ఒకటే. ఏ పార్కుకు వెళ్తున్నారు, ఏ రైడ్ ఎక్కుతారు, ఏ వాటర్ స్లైడ్ ఎంత ఎత్తు. వాళ్ళ ఉత్సాహం చూస్తే మాకూ ముచ్చటగానే ఉంటుంది. అందుకే ఈ నెల పేజీలో పాఠాల సంగతి పక్కన పెట్టి, పార్కుల్లో మనం పెద్దవాళ్ళం ప్రవర్తించే తీరు గురించి రెండు మాటలు రాద్దామనుకున్నాను.

మన దగ్గర చాలా అమ్యూజ్‌మెంట్ పార్కుల్లో పిల్లల టికెట్‌ను ఎత్తును బట్టి ఇస్తారు. కౌంటర్ పక్కనే కొలత గీత ఉంటుంది. అక్కడ ఐదు నిమిషాలు నిలబడి చూడండి. "కాస్త మోకాళ్ళు వంచు నాన్నా" అని కొడుకు చెవిలో చెప్పే తండ్రి కనిపిస్తాడు. హాఫ్ టికెట్ దొరుకుతుంది. గంట తర్వాత పెద్ద రోలర్ కోస్టర్ దగ్గర మళ్ళీ ఒక గీత. అదే తండ్రి, అదే కొడుకు. ఈసారి "మడమలు పైకెత్తు" అంటాడు. పది గంటలకు పొట్టిగా ఉన్న పిల్లవాడు పదకొండింటికి పొడుగయ్యాడన్నమాట.

చూసి నవ్వుకుంటాం. కానీ ఆ పిల్లవాడు ఆ రోజు రైడ్ ఎక్కినా ఎక్కకపోయినా ఒక పాఠం మాత్రం నేర్చుకునే ఇంటికి వస్తాడు. గీత అనేది మిగతా వాళ్ళ కోసం, మన అవసరాన్ని బట్టి దాన్ని అటూ ఇటూ జరుపుకోవచ్చు అని.

ఎవరినో వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. ఆ గీత దగ్గర వాదించిన తల్లుల్లో నేనూ ఒకదాన్ని. మూడేళ్ళ క్రితం మా అమ్మాయిని తీసుకుని ఒక పార్కుకు వెళ్ళాం. తను ఎప్పటి నుంచో కలలు కన్న రైడ్‌కు 140 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. తను 138. నలభై నిమిషాలు లైన్లో నిలబడి ముందుకు వచ్చాక గేటు దగ్గరున్న అబ్బాయి "సారీ మేడమ్, పాప ఎక్కకూడదు" అన్నాడు. రెండు సెంటీమీటర్లే కదా అన్నాను. అంత దూరం నుంచి వచ్చామన్నాను. చివరికి, నేను టీచర్‌నని మర్చిపోయి, "మీ పై వాళ్ళను పిలవండి" అని గొంతు పెంచాను. ఆ అబ్బాయికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. చెమటలు పట్టాయి గానీ గొలుసు తీయలేదు. మా అమ్మాయి నా చున్నీ పట్టుకుని లాగుతూ "అమ్మా, వద్దు, పద" అంది. తన మొహంలో రైడ్ దక్కలేదన్న బాధ కంటే నా వల్ల కలిగిన సిగ్గే ఎక్కువగా కనిపించింది. అది ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికి వచ్చాక అసలు ఆ గీత ఎందుకుందో తెలుసుకున్నాను. భుజాల మీదుగా దిగే బార్, ఒడిలో బిగుసుకునే బార్, బెల్టు, ఇవన్నీ ఒక పరిమాణంలోని శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. శరీరం చిన్నదైతే బార్ పడాల్సిన చోట పడదు, ఖాళీ మిగులుతుంది. రైడ్ తలకిందులైనప్పుడు, ఒక్కసారిగా కిందికి జారినప్పుడు ఆ ఖాళీయే ప్రాణం మీదికి తెస్తుంది. గరిష్ఠ ఎత్తు, గరిష్ఠ బరువు అని రాసి ఉండేది కూడా అందుకే.

2022 మార్చిలో అమెరికాలోని ఒర్లాండోలో 14 ఏళ్ళ కుర్రాడు ఎత్తైన డ్రాప్ టవర్ రైడ్ మీది నుంచి జారిపడి చనిపోయాడు. తయారీదారు మాన్యువల్ ప్రకారం ఆ రైడ్‌కు గరిష్ఠ బరువు దాదాపు 130 కిలోలు. ఆ అబ్బాయి బరువు అంతకంటే చాలా ఎక్కువ. పెద్ద శరీరం ఉన్నవాళ్ళు కూడా కూర్చోగలిగేలా ఆ సీటు సెన్సర్‌ను ముందే సర్దారని, దాంతో బార్‌కూ సీటుకూ మధ్య ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఖాళీ ఉన్నా రైడ్ కదిలిందని విచారణలో తేలింది. అందులో ఆ పిల్లవాడి తప్పు గానీ, అతని కుటుంబం తప్పు గానీ ఏమీ లేదు. హద్దును "కొంచెం" జరిపితే ఏమవుతుందో చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను. నేను అరిచిన ఆ గేటు అబ్బాయి ఆ రోజు నా కూతురి ప్రాణానికి కాపలా ఉన్నాడు. నేను అతని ఉద్యోగానికే ఎసరు పెట్టబోయాను.

ఇక క్యూ సంగతి. ఒకరిని ముందు నిలబెట్టి, తీరా వంతు వచ్చే సమయానికి మిగతా ఎనిమిది మంది పాప్‌కార్న్ డబ్బాలతో వచ్చి చేరడం మనందరం చూసిందే. "ఒక్క ఫ్యామిలీయే కదండీ" అంటారు. ఒక్కసారి లెక్క వేద్దాం. రైడ్‌కు 24 సీట్లు, ఒక్కో ట్రిప్పుకు 4 నిమిషాలు అనుకోండి. మధ్యలో చేరిన ఎనిమిది మంది ట్రిప్పులో మూడో వంతు సీట్లు తీసుకుంటారు. అంటే వెనకున్న ప్రతి ఒక్కరికీ సగటున 80 సెకన్ల ఆలస్యం. వెనక 300 మంది ఉంటే అందరి సమయం కలిపి 400 నిమిషాలు, ఆరున్నర గంటల పైమాటే. అందులో చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి ఉంటుంది, నెలల తరబడి డబ్బు కూడబెట్టి పిల్లల్ని తీసుకొచ్చిన ఆటో డ్రైవర్ కూడా ఉండొచ్చు. మన పిల్లలతో ఈ లెక్క వేయించి చూడండి. మా ఐదో తరగతి పిల్లలు చిటికెలో చేసేశారు. చేశాక ఒక పాప "అయితే మేము దొంగతనం చేశామా మేడమ్?" అని అడిగింది. నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

"మరి డబ్బు కట్టి ఫాస్ట్ ట్రాక్ టికెట్ కొనుక్కునే వాళ్ళ మాటేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డిస్నీ పార్కుల్లో 1999లో ఫాస్ట్‌పాస్ మొదలైనప్పుడు అది అందరికీ ఉచితం. 2021లో అమెరికాలోని డిస్నీ పార్కుల్లో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. 2024లో వచ్చిన ప్రీమియర్ పాస్‌కు ఒక్కో మనిషికి ఒక్కరోజుకు వందల డాలర్ల దాకా అవుతుంది. నాకు ఈ పద్ధతి పెద్దగా నచ్చదు. ఒక గేటు వేగంగా కదిలితే పక్క గేటు నెమ్మదిస్తుంది కాబట్టి. అయినా అందులో అబద్ధం లేదు. ధర బోర్డు మీద ఉంటుంది, కట్టగలిగిన వాళ్ళు కడతారు. మీరు కొనుక్కుంటే పిల్లలకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. "మనం గొప్పవాళ్ళం కాబట్టి ముందు వెళ్తున్నాం" అని కాకుండా, "ఎక్కువ డబ్బు కట్టాం కాబట్టి వెళ్తున్నాం" అని. ఈ రెంటి మధ్య ఎంతో తేడా ఉంది.

నన్ను నిజంగా బాధపెట్టేది మూడో రకం. అవసరం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన సౌకర్యాన్ని అవసరం లేనివాళ్ళు వాడుకోవడం. డిస్నీలోనే ఒకప్పుడు దివ్యాంగులైన సందర్శకులకూ వాళ్ళ కుటుంబానికీ వేరే దారిలో వెళ్ళే కార్డు ఇచ్చేవారు. 2013లో కొన్ని సంపన్న కుటుంబాలు గంటల లెక్కన డబ్బిచ్చి దివ్యాంగులను గైడ్లుగా పెట్టుకుని, ఆ దారిలో వెళ్తున్నాయని వార్తలు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో డిస్నీ ఆ కార్డును ఎత్తేసి, వెంటనే లోపలికి పంపకుండా "ఫలానా సమయానికి రండి" అని చెప్పే కొత్త పద్ధతి తెచ్చింది. ఇది తమ పిల్లలకు సరిపోదంటూ ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కొందరు కోర్టుకు కూడా వెళ్ళారు. 2024లో నిబంధనలు ఇంకా బిగించారు. ఇప్పుడు వీడియో కాల్‌లో సిబ్బందికి బిడ్డ పరిస్థితి వివరించాలి. అబద్ధం చెప్పినట్టు తేలితే పార్కులోకి శాశ్వతంగా రానివ్వరు. గైడ్లను పెట్టుకున్న ఆ సంపన్నులకు పోయిందేమీ లేదు. నిజంగా అవసరమున్న తల్లి మాత్రం తన బిడ్డ కష్టాన్ని ముక్కూ మొహం తెలియని వాళ్ళకు వివరించుకోవాల్సి వస్తోంది.

అమెరికా కథ అని తీసిపారేయకండి. కిందటేడాది మా క్లాసు పిల్లల్ని పిక్నిక్‌కు తీసుకెళ్ళాం. వాళ్ళలో ఆటిజం ఉన్న బాబు ఒకడు ఉన్నాడు. గోల, గుంపు, ఎండ, మూడూ కలిస్తే తట్టుకోలేడు. పార్కు వాళ్ళతో ముందే మాట్లాడి పక్క గేటులో వెళ్ళే ఏర్పాటు చేశాం, వాళ్ళ అమ్మ కూడా వెంట వచ్చింది. అయితే లైన్లో నిలబడ్డ ఎవరో పెద్దాయన "వాడికేమైంది, నిక్షేపంగా ఉన్నాడుగా, అందరికీ ఎక్కడో ఒకచోట పలుకుబడి ఉంటుంది" అన్నాడు. ఆమె బదులు చెప్పలేదు. బాబు చెయ్యి పట్టుకుని వెనక్కి వచ్చి బస్సులో కూర్చుంది.

ఆ పెద్దాయనను కూడా నేను పూర్తిగా తప్పు పట్టలేను. రోజంతా దొంగదారిన వెళ్ళేవాళ్ళనే చూసిన కళ్ళకు నిజమైన అవసరం కూడా దొంగదారిలాగే కనిపిస్తుంది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం లాంటివి వాటిలో కొన్ని, పైకి కనిపించవు. అవి ఉన్న పిల్లలు మన స్కూల్లోనూ ఉన్నారు. మనం పలుకుబడితో, అబద్ధంతో ముందుకు వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళ మీద అనుమానం ఇంకాస్త పెరుగుతుంది.

మనకు ఇది పార్కు గేటు దగ్గర మొదలైన అలవాటు కాదని నాకు తెలుసు. గుడికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా ముందుగా "అక్కడ మనకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఫోన్ తీస్తాం. "లోకం అలా ఉంది మేడమ్, నోట్లో వేలు పెట్టినా కొరకనివాడిలా పెంచితే రేపు ఎలా బతుకుతాడు?" అని ఒక తండ్రి పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను అడిగారు. ఆయన భయంలో నిజం ఉంది. కానీ మన హక్కు అడగడం వేరు, పక్కవాడి వంతు లాక్కోవడం వేరు. మీ వంతు వచ్చాక ఎవరైనా మిమ్మల్ని దాటి వెళ్తే గట్టిగా అడగండి. బార్ సరిగా బిగుసుకోలేదని అనిపిస్తే రైడ్ ఆపమని అరవండి. మీ అమ్మగారికి వీల్‌చైర్ కావాలంటే మొహమాటపడకుండా అడగండి. పిల్లలు ఈ ధైర్యాన్ని మన దగ్గర నేర్చుకోవాలి. "మేమెవరో తెలుసా" అనే మాట మాత్రం నేర్చుకోకూడదు.

ఈ సెలవుల్లో పార్కుకు వెళ్ళేముందు కొన్ని పనులు చేసి చూడండి. ఇంట్లోనే టేపు పెట్టి పిల్లల ఎత్తు కొలవండి. పార్కు వెబ్‌సైట్‌లో ఏ రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో వాళ్ళతోనే చదివించండి. ఎక్కలేని రైడ్ గురించిన ఏడుపు ఏదో ఇంట్లోనే అయిపోతుంది, గేటు దగ్గర ఉండదు. లైన్లో అందరూ కలిసే నిలబడండి. మంచినీళ్ళు, ఒక అంత్యాక్షరి, రెండు పొడుపు కథలు ఉంటే గంట తెలియకుండానే గడుస్తుంది. పక్క గేటులో వెళ్తున్న పిల్లవాడు మీకు మామూలుగా కనిపిస్తే, మీకు తెలియనిదేదో ఉందనుకోండి. రైడ్ దిగాక గేటు దగ్గరున్న ఆ అబ్బాయికో అమ్మాయికో మీ పిల్లల చేత థ్యాంక్స్ చెప్పించండి. రోజంతా ఎండలో నిలబడి తిట్లు తినేది వాళ్ళే.

మా అమ్మాయి మరుసటి ఏడాది 143 సెంటీమీటర్లకు వచ్చింది. మళ్ళీ అదే పార్కుకు వెళ్ళాం. గేటు దగ్గర వేరే అబ్బాయి ఉన్నాడు. తను చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని నిటారుగా నిలబడింది. ఆ అబ్బాయి కొలత చూసి గొలుసు తీశాడు. నేను నోరు విప్పాల్సిన పనే రాలేదు.