ముద్దు పెట్టనన్న పిల్ల

చుట్టాలు గుమ్మంలోకి రాగానే పిల్లల్ని ముందుకు తోసి "తాతయ్యకి ముద్దు పెట్టమ్మా" అంటాం. పిల్ల తల్లి చాటుకి వెళ్తే "అబ్బో, ఎంత పొగరో" అని ఎత్తుకుని బుగ్గ గిల్లుతాం. ఇష్టం లేకపోతే వద్దని చెప్పడం పిల్లలకు నేర్పాలని ఈ మధ్య కొందరు తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు. పెద్దవాళ్ల మనసు చివుక్కుమంటోంది.

ఆ బాధను తేలిగ్గా తీసుకోలేం. మన ఇళ్లలో ప్రేమ మాటల్లో కన్నా చేతుల్లో ఎక్కువ. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, నలుగు పెట్టి నీళ్లు పోసింది అమ్మమ్మ. గోరుముద్దలు తినిపించిందీ ఆవిడే. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో చాలాచోట్ల పిల్లల్ని పెంచేదీ ఆవిడే. అలాంటి మనిషితో "అడిగి ముట్టుకో" అంటే పరాయిదాన్ని చేసినట్టు ఉంటుంది. ప్రతి చేతినీ అనుమానించే పిల్ల హాయిగా పెరగలేదన్న భయమూ నిజమే.

అయినా నేను పిల్ల వైపే నిలబడతాను. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం కోసం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో పన్నెండు వేల మందికి పైగా పిల్లలను అడిగారు. 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామన్నారు. వేధించినవాళ్లలో సగం మంది వాళ్లకు తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడేందుకు 2012లో పోక్సో చట్టం వచ్చింది కానీ, చట్టం దాకా వెళ్లాలంటే ముందు పిల్ల నోరు విప్పాలి. చుట్టాల ముందు చెల్లని "వద్దు" ఇంకెక్కడో చెల్లుతుందని ఆ పిల్ల ఎలా నమ్ముతుంది? బడిలో చెప్పే "బ్యాడ్ టచ్" పాఠం ఒక్కటే చాలదు. బాగా తెలిసిన మనిషి చేయి మొదట చెడ్డగా అనిపించకపోవచ్చు. "అమ్మకు చెప్పకు" అని ఎవరన్నా, ఆ మాటే వెంటనే అమ్మకు చెప్పాలని కూడా నేర్పాలి.

ఇంజెక్షన్‌కీ స్నానానికీ పిల్ల వద్దన్నా ఆగలేం. కానీ ఎందుకో చెప్పి చేయొచ్చు.

వద్దని చెప్పడం ఈ పాఠంలో సగమే. మనం ఎక్కువగా వదిలేసేది రెండో సగం: ఎదుటివాళ్ల "వద్దు"ను వినడం. చెల్లెలి జడ లాగే అన్నను "ఆడుకుంటున్నాడులే" అని వదిలేస్తాం. ఏడుస్తున్న ఆ చెల్లెలికేమో సర్దుకుపొమ్మని చెబుతాం. చక్కిలిగింతలు పెడుతున్నప్పుడు "ఆపు" అంటే నవ్వుతున్నా సరే ఆపాలని, తలుపు వేసి ఉంటే కొట్టి లోపలికి రావాలని మగపిల్లలకు మరీ గట్టిగా చెప్పాలి. అమ్మానాన్నలు తామూ అలాగే చేస్తేనే అది వాళ్లకు అబ్బుతుంది.

అమ్మమ్మ విషయంలో పెద్ద చిక్కేమీ లేదు. రోజూ పెంచే చేతిని పిల్ల తనే వెతుక్కుంటుంది. ఏడాదికోసారి వచ్చే చుట్టాలకు నమస్కారం పెట్టనివ్వండి, చేయి కలపనివ్వండి. అప్పటికీ ఎవరైనా బలవంతం చేస్తే, జవాబు చెప్పే భారం పిల్ల మీద వేయకుండా తల్లో తండ్రో అందుకోవాలి: "ఇప్పుడు వద్దంటోంది పిన్నీ, కాస్త అలవాటైతే తనే వస్తుంది."