మైత్రికి గీటురాయి

రాజకీయపు గాలి మారిన కొలది నౌకామైత్రియు మారుచుండును. భారత, అమెరికాలు 1992లో ఆరంభించిన ‘మలబారు’ విన్యాసములు 1998 అణుపరీక్షల పిమ్మట నిలిచి, 2002లో తిరిగి సాగినవి. 2007లో జపాను, సింగపూరులతోపాటు పాల్గొనిన ఆస్ట్రేలియా, చైనా ఆక్షేపణ పిదప తొలగి, 2020లో విశాఖ తీరమున మరల చేరినది.

అట్లని ఈ సాధన వ్యర్థము కాదు. భాషలు వేఱైన నావికులు ఒకరి సంకేతముల నొకరు గ్రహించుట ఒక్కనాట అబ్బు విద్య కాదు. ఆ విద్య దేనికన్నదే ప్రశ్న. భారత, అమెరికా, జపాను, ఆస్ట్రేలియాలు నాలుగును కూటమిగా తొలుత చేతులు కలిపినది 2004 సునామీ బాధితులను ఆదుకొనుటకు. ఆ జన్మకథ మరువరానిది. జలాంతర్గాముల వేటకెంత శ్రద్ధయో, తుపానులో చిక్కినవారిని ఒడ్డు చేర్చుటకును అంత శ్రద్ధ వలయును. మైత్రికి గీటురాయి ఆపదయే. తీరవాసి ఆ నౌకల విలువ నెఱుగునది ఆనాడే.