కొనదేరిన కమాను

గోతిక్ కట్టడం అనగానే తెలుగువాళ్ల చూపు మెదక్ వైపు పోతుంది. 1924లో పూర్తయిన ఆ చర్చి 175 అడుగుల గోపురాన్నీ, రంగుటద్దాల కిటికీలనీ ఎవరు కాదంటారు? కాకపోతే అంత పెద్ద కట్టడం ముందు తల పైకెత్తడంతోనే సరిపోతుంది, పనితనం మీద కన్ను నిలవదు. దానికి చిన్న చర్చే మేలు. మా వైపు వాళ్లకు అది భీమిలి సెయింట్ పీటర్స్. పేరుకు విశాఖ జిల్లా గానీ, విజయనగరం వాళ్లకు సముద్రమంటే భీమిలే.

డచ్చివాళ్లు తమ సమాధులను ఇక్కడే వదిలి 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్లకు అప్పగించారు. 1861లో పురపాలక సంఘం వచ్చింది. రేవు కళకళలాడుతున్న ఆ కాలంలోనే, 1864 నాటికి, ఈ చర్చి నిలిచింది. రంగుటద్దాల్లో సిలువ దృశ్యం దీని సొత్తు.

అసలు గోతిక్ పుట్టింది రాతి కప్పు బరువును ఎలా దించాలన్న చిక్కులోంచి. అర్ధచంద్రపు కమాను ఎత్తు దాని వెడల్పులో సగానికే కట్టుబడి ఉంటుంది. కొనదేరిన కమానుకు ఆ కట్టుబాటు లేదు, ఎంత ఎత్తయినా లేపవచ్చు. పైగా బరువును పక్కలకు తక్కువ నెట్టి, కిందికి ఎక్కువ దించుతుంది. గోడకు బయట ఊతదిమ్మెలు కడితే మిగిలిన తోపుడు కూడా ఆగుతుంది. గోడ మోత తగ్గితే అక్కడ కిటికీకి చోటు దొరుకుతుంది. పారిస్ పక్కన సెయింట్ డెనీ చర్చిలో, 1144 నాటికి మఠాధిపతి సుగేర్ కట్టించిన భాగంలో జరిగింది ఇదే. చిన్న చర్చిలో మోయాల్సిన రాతి కప్పే ఉండదు. దూలాలు, వాసాలు చాలు. అంటే అక్కడ కొనదేరిన కమాను అవసరం కొద్దీ వచ్చింది కాదు, వెలుగు కోసం వచ్చింది. నా మటుకు అదే దాని అందం.

మరి ఈ కమాను మనకు సముద్రం మీంచే వచ్చిందా? ముఖలింగం గుళ్లో కళింగ శిల్పులకు కమాను పనే లేదు. రాయి మీద రాయిని కాస్త కాస్త ముందుకు జరుపుకుంటూ శిఖరం మూసేశారు. శ్రీకాకుళం జామియా మసీదును గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. కొనదేరిన కమాను మసీదులకు కొత్త కాదు. కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదులో 9వ శతాబ్దం నాటికే వరుసలు వరుసలుగా ఉంది. లండన్ సెయింట్ పాల్స్ కట్టిన క్రిస్టఫర్ రెన్ అయితే, గోతిక్‌కు మూలం అరబ్బు కట్టడాలేనని తేల్చేశాడు. పండితులు ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు, వాదులాడుకోనిద్దాం. మన లెక్క తేలికే: చర్చి కిటికీ భీమిలికి రావడానికి రెండు వందల ఏళ్ల ముందే దాని చుట్టం నాగావళి ఒడ్డున కాపురం పెట్టింది.

అయినా మన స్థానిక చరిత్రల్లో ముఖలింగానికి అధ్యాయాలు, మసీదుకు పేరా, చర్చికి మిషనరీల పేర్ల జాబితా! 1805లో విశాఖ వచ్చిన క్రాన్, డెగ్రాంజిల గురించి రాస్తారు, ఏ మేస్త్రి చెక్క చట్రాన్ని కొనదేర్చి దాని మీద ఇటుక పేర్చాడో అడగరు. ఈలోగా పాత చర్చిలను పడగొట్టి శ్లాబు వేస్తున్నారు. సంఘం పెరిగింది, చోటు చాలదు, ఆ అవసరాన్ని తప్పు పట్టలేం. ఉన్నవాటికి సున్నం గోడ మీద సిమెంటు పూయడాన్ని మాత్రం ఒప్పుకోలేం. సున్నం గోడ తేమను బయటికి వదిలేస్తుంది, సిమెంటు దాన్ని లోపలే బిగిస్తుంది. ఉప్పుగాలి ఊళ్లలో ఆ తేమతో ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది.

విజయనగరం, విశాఖల్లో ఇంజనీరింగు, ఆర్కిటెక్చరు చదివే పిల్లలకు కొదవ లేదు. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరుగారిని అడిగి, టేపూ నిచ్చెనా పట్టుకెళ్లి ఒక్క కిటికీ కొలిచి పటం గీస్తే చాలు. అలాంటి పటం ఎవరు పంపినా ఈ పత్రికలో వేస్తాం. మసీదు కమాను పటం కూడా వస్తే రెండూ ఒకే పేజీలో వేస్తాం.