సోఫాలోంచి కనపడాలట!

అత్తగారు కోడలి పక్షాన వకాల్తా పుచ్చుకోవడం మీరెక్కడైనా చూశారా? నేను పుచ్చుకున్నాను. అదీ అమెరికాలో, డల్లాస్‌లోని మా అబ్బాయింట్లో, ఒక గాజుతొట్టె విషయంలో!

తొట్టె అంటే మన ఇళ్ళల్లో బంగారుచేపలు తిరిగే గుండ్రటి గిన్నె కాదండోయ్. నాలుగడుగుల పొడుగున్న ఉప్పునీటి అక్వేరియం. అందులో పగడాలు. మెళ్ళో వేసుకునేవి కావు, బతికున్నవి. మన దండల్లోని ఎర్రపగడం మధ్యధరా సముద్రంలో, వెలుతురు అంతంత మాత్రంగా చొరబడే లోతుల్లోనూ గుహల్లోనూ పెరిగేది. వీటికి దూరపు చుట్టం మాత్రమే.

కిందటేడు మావాడొక టార్చ్ కోరల్ తెచ్చాడు. ఆకుపచ్చటి వేళ్ళు, ఒక్కో వేలి కొసన పసుప్పచ్చటి బొట్టు. నీళ్ళల్లో అవి ఊగుతుంటే ఎంతసేపైనా చూడబుద్ధేస్తుంది. “సోఫాలో కూచుంటే కళ్ళకెదురుగా ఉండాలి” అని దాన్ని రాళ్ళగుట్ట మీద, సరిగ్గా పంపు మూతికి ఎదురుగా కూచోబెట్టాడు. కోడలు “వద్దు, అది కింద ఉండాల్సింది” అంటూనే ఉంది. వింటేనా! వారం తిరక్కుండా వేళ్ళన్నీ ముడుచుకుపోయాయి. ఆ తర్వాత ఒక పక్క కండ చిరిగి లోపలి తెల్లటి ఎముక బయటపడింది.

నాకు ఒళ్ళు మండిందంటే ఆశ్చర్యమేముంది? నేనొచ్చిన కొత్తలో నా మంచం కూడా ఏసీ గాలి తిన్నగా నెత్తిన కొట్టేచోటే వేశాడు. గదికి అలాగే అందమట! నా మోకాళ్ళ గురించి ఎవరూ అడగలేదు. నాకైతే నోరుంది, ఆ పగడానికి అదీ లేదు. (నిజానికి నోరుంది, తినడానికి మాత్రమే.)

దాన్ని రాయి అనుకోవడంలోనే ఉంది తప్పంతా. పగడం జంతువు. కంటికి కనపడని నాచుని తన ఒంట్లోనే కాపురం పెట్టించుకుంటుంది. ఆ నాచు వెలుతురుతో వంట చేసి దానికింత పెడుతుంది. అంటే తొట్టెమీది దీపమే దాని పొయ్యి. వెలుతురు చాలకపోతే పస్తు. మరీ ఎక్కువైతే ఆ నాచునే బయటికి గెంటేసి, తెల్లగా పాలిపోయి ఆకలితో చస్తుంది. ఇక నీటి ఒరవడి సంగతి. కదల్లేని ప్రాణికి తిండి తెచ్చేదీ, ఊపిరి అందించేదీ, ఒంటిమీది మురికి కడిగేదీ అదే. అదైనా గొట్టంతో కొట్టినట్టు ఒకే వైపునుంచి కాదు, సముద్రంలోలాగా అటూ ఇటూ ఊగుతూ రావాలి.

పోనీ అన్నిటికీ ఒకటే కొలతా అంటే అదీ కాదు. కొమ్మలు కొమ్మలుగా పెరిగే ఆక్రోపోరాకి గుట్ట శిఖరం కావాలి, కళ్ళు చెదిరే వెలుతురూ నీళ్ళ హోరూ కావాలి. పుట్టగొడుగు పగడానికి అడుగున నీడపట్టు చాలు. పళ్ళెంలా ఉండే ఫంగియా ఇసుకమీదే పడుకోవాలి. టార్చ్‌కేమో ఒళ్ళు మెత్తన, లోపలి ఎముక పదును. నీళ్ళు దబాయించి కొడితే తన ఎముకే తనని కోస్తుంది. పైగా రాత్రిళ్ళు పొడుగాటి వేళ్ళు చాచి ఇరుగుపొరుగుని కుట్టే గుణమొకటి. జానెడైనా ఎడం ఉంచాలి. (మా వీధిలోనూ అలాంటివాళ్ళు ఇద్దరున్నారు, పేర్లు చెప్పను.)

కోడలు ఊహించి చెప్పలేదు సుమండీ. వెలుతురు కొలిచే మీటరు అద్దెకు తెచ్చి, పుల్లకు కట్టి, తొట్టెలో జానెడు జానెడుకీ ముంచి అంకెలు రాసుకుంది. గుట్టమీద 300 పైచిలుకు, ఇసుక దగ్గర 100 లోపు. కొత్తదేది తెచ్చినా ముందు అడుగున పెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా పైకి జరపాలంటుంది. కొత్తకోడల్ని వచ్చిన రోజే వంటింట్లోకి తోయకూడదన్నట్టు.

“డబ్బుపోసి కొన్నది చూసుకోడానికేగా!” అని మావాడి వాదం. అలాగైతే ప్లాస్టిక్‌వి అమ్ముతారు నాయనా, నీ ఇష్టం వచ్చిన చోట పెట్టుకో, వారానికోసారి సబ్బుతో తోముకో! 1961లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్ళూ, ఎండా, గాలిబుడగలతో కదిలే నీళ్ళూ పెట్టుకుని తొట్టెల్లో పగడాల్ని బతికించి, ఆ సంగతి పత్రికలో రాశాడు. సముద్రం వాటికేమిస్తుందో అదే ఇచ్చాడు. సోఫా ప్రసక్తి ఎక్కడా లేదు.

ఇది చదివి మీలో ఎవరికైనా సరదా పుడితే ముందే చెబుతున్నాను, మన దేశంలో కుదరదు. 2001లో గట్టి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పెద్దపులి ఉన్న జాబితాలోనే చేర్చారు. మంచిపని చేశారు. మన డ్రాయింగు రూముల్లో వాటినెక్కడ కూచోబెడతామో నాకు తెలియనిదా? టీవీ పక్కన, పెళ్ళిఫోటో కింద!

చివరికి ఓ ఆదివారం కోడలే చెయ్యి ముంచి టార్చ్‌ని ఎడంపక్క మూలకు, కిందికి దించింది. చిరిగిన పక్క మళ్ళీ రాలేదు. రెండోపక్క మాత్రం పదిరోజులకు వేళ్ళు విప్పింది. సోఫాలోంచి అసలు కనపడదు. చూడాలంటే నేలమీదే కూచోవాలి. నేను సాయంత్రాలు పీట వేసుకుని కూచుంటున్నాను. మొన్న మావాడు టేపు పట్టుకుని సోఫా ఎటు జరపాలా అని కొలతలు తీస్తుంటే చూశాను. నా మంచం సంగతి మాత్రం ఇంకా ఎత్తలేదు.