విజిట్ వీసాతో చదువు: చెల్లేదెక్కడ, చెల్లనిదెక్కడ?

జగిత్యాల: విజిట్ వీసా అన్న మాట ఈ ప్రాంత పల్లెలకు కొత్త కాదు. పని దొరుకుతుందన్న ఏజెంటు మాట నమ్మి, చూసి వచ్చేవారి వీసాతో దుబాయి విమానమెక్కి, గడువు తీరాక దొంగచాటుగా కాలం గడిపినవారు ఎందరో. 2007లో, 2018లో, మళ్ళీ 2024లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే గాని చాలామందికి ఇంటి దారి దొరకలేదు.

అదే మాట ఇప్పుడు చదువుల వైపు మళ్ళింది. స్టూడెంట్ వీసాకు కాగితాలెక్కువ, ఖర్చెక్కువ. ముందు విజిట్ మీద వెళ్ళి కోర్సులో చేరితే తరువాత అక్కడే మార్చుకోవచ్చునన్నది కొందరు ఏజెంట్లు చెప్పే లెక్క. ఇందులో సగం నిజం ఉన్నది. చిక్కంతా మిగతా సగంతోనే.

నిజమైన సగం ఇది. బ్రిటన్‌లో గుర్తింపు పొందిన సంస్థ అయితే విజిటర్‌గా వెళ్ళినవారు ఆరు నెలల వరకు చదువుకోవచ్చు. అంతకు మించి పదకొండు నెలల వరకు ఇంగ్లీషు నేర్చుకునేవారికి వేరే వీసా ఉన్నది. కెనడాలో ఆరు నెలలు, అంతకు తక్కువ కోర్సుకు స్టడీ పర్మిట్ అక్కరలేదు. అయితే ఉండటానికి ఇచ్చిన గడువులోనే కోర్సు ముగియాలి. ఆపైన కూడా చదివే ఉద్దేశం ఉంటే ముందుగానే పర్మిట్ తీసుకోవటం మేలని కెనడా ప్రభుత్వమే చెబుతున్నది. ఆస్ట్రేలియాలో మూడు నెలలు.

అమెరికా సంగతి వేరు. మన పల్లెల్లో ఎక్కువమందికి తెలిసిన వీసా కూడా అక్కడిదే. కూతురి కాన్పుకో, కొడుకు గృహప్రవేశానికో వెళ్ళి వచ్చిన తల్లిదండ్రుల పాస్‌పోర్టుల్లో పదేళ్ళ విజిటర్ వీసా ముద్ర ఉంటుంది. పదేళ్ళంటే పదేళ్ళు ఉండవచ్చునని కాదు. ఎన్నాళ్ళు ఉండాలో విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తాడు, మామూలుగా ఆరు నెలలు. ఈ వీసాపై వెళ్ళి సరదాకు నాలుగు రోజులు వంటో, బొమ్మలు వేయటమో నేర్చుకుంటే తప్పు లేదు. డిగ్రీకి లెక్కకు వచ్చే చదువు మాత్రం పనికిరాదు. అన్నను చూసే నెపంతో వెళ్ళిన తమ్ముడు కాలేజీలో పేరు రాయించుకుంటే నిబంధన మీరినట్టే.

వీసా మార్పు కోరుతూ అక్కడి నుంచే దరఖాస్తు చేసే వీలు అమెరికాలో ఉన్న మాట నిజమే. కాని మంజూరు చేతికి వచ్చేదాకా తరగతిలో కూర్చోరాదు. మంజూరుకు నెలలు పడుతుంది, రాకపోవచ్చు కూడా. వచ్చిన 90 రోజుల లోపల అనుమతి లేకుండా చదువులో చేరితే, వీసా ఇంటర్వ్యూలో అబద్ధమాడినట్టు భావించవచ్చునని అక్కడి విదేశాంగ శాఖ 2017లో నియమం పెట్టింది. ఆ మచ్చ పడితే జీవితాంతం ఆ దేశంలో అడుగు పెట్టడం కష్టం. బ్రిటన్‌లోనైతే విజిటర్ అక్కడే ఉండి స్టూడెంట్‌గా మారే వీలే లేదు. ఆస్ట్రేలియా కూడా 2024 జూలై 1 నుంచి ఆ తలుపు మూసివేసింది. అక్కడికి పోయాక మార్చుకోవచ్చునని ఇప్పటికీ చెప్పే ఏజెంటుకు సంగతి తెలియకనా, తెలిసేనా?

అసలు దెబ్బ తగిలేది అప్పు దగ్గర. పట్టాదారు పాసుపుస్తకం తాకట్టు పెట్టో, మూడు రూపాయల వడ్డీకి తెచ్చో కొడుకును పంపే రైతు, వాడు సాయంత్రాలు ఏదో పని చేసి కొంతైనా పంపుతాడని ఆశ పెట్టుకుంటాడు. స్టూడెంట్‌కు ఆ అవకాశం కొంత ఉన్నది గాని విజిటర్ కూలి తీసుకుని పని చేస్తే చట్టవిరుద్ధం. అంటే కోర్సు ఫీజు, విమానం చార్జీ, తిండి, బస మొత్తం ఇంటినుంచే పోవాలి.

స్టూడెంట్ వీసా ఉన్నంత మాత్రాన కూడా భయం లేదనుకోరాదు. తరగతులే జరగని ఫార్మింగ్టన్ యూనివర్సిటీలో చేరిన విద్యార్థులను 2019లో అమెరికా అధికారులు అరెస్టు చేశారు. ఆ విద్యాసంస్థను పెట్టింది ఆ అధికారులే. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, అందులో అధికులు తెలుగువారు.

సక్రమంగా ఈ దారిన పోయి వచ్చేవారూ లేకపోలేదు. ఎం.బి.బి.ఎస్. చివరి సంవత్సరం విద్యార్థులు కొందరు కొన్ని వారాల ఎలెక్టివ్ శిక్షణకు అమెరికా ఆస్పత్రులకు విజిటర్ వీసాపైనే వెళుతుంటారు. వారి చేతిలో అక్కడి సంస్థ ఇచ్చిన ఉత్తరం ఉంటుంది, ఇంటర్వ్యూలో ఉన్న మాటే చెబుతారు, జీతం తీసుకోరు.

గల్ఫ్‌కు పనికి పంపే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్రం వద్ద రిజిస్టరు కావాలి. లైసెన్సు చూపించమని ఊరివారు అడగగలరు. ఆ చట్టం ఉద్యోగాలకే గాని చదువుకు పంపే కన్సల్టెన్సీలకు వర్తించదు. పంజాబ్ ప్రభుత్వం 2012లోనే ఇటువంటి కన్సల్టెన్సీలకు కూడా లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఇక్కడ కన్సల్టెన్సీ గడప తొక్కే తండ్రి కనీసం కోర్సు పేరు, ఎన్ని వారాలు, వారానికెన్ని గంటలు, ఏ వీసా అన్న నాలుగూ కాగితం మీద రాయించి, సంతకం, ముద్ర వేయించుకుని గాని డబ్బు కట్టకూడదు.